కొలతకుఁ గొలత: చెఱసాలయందలి క్షమ

ఆంగ్లకవి షేక్స్పియరు రచించిన నాటకములలో వెనీసు వర్తకుఁడు, హామ్లెట్టు, ఒథెల్లో మొదలగునవి తెనుఁగుదేశపుఁ బాఠశాలలలోను రంగస్థలములమీఁదను జిరపరిచితములు. ‘మెజర్ ఫర్ మెజర్’ అను నాటకమున కట్టి భాగ్యము పట్టలేదు. పట్టకపోవుటకుఁ గారణము లేకపోలేదు. ఇందలి కథ యౌచిత్యమునఁ బట్టుదలగల పండితుల చెవి కింపైనది కాదు. ఇందలి ప్రధానపాత్రలలో మచ్చలేనిది యొక్కటియు లేదు. ఇందలి ముగింపు సుఖాంతమని పేరుపెట్టించుకొనియు సుఖము నీయదు. అయినను చెఱసాలను, దైవభక్తిని, పాపవిమోచనమును ఒక్కచోఁ గూర్చి, ఆ మూఁటికిని గల సంబంధమును దుదిముట్టఁ బరీక్షించిన నాటకములలో దీనికి సాటివచ్చునవి యరుదు.

నాటకనామము మత్తయి సువార్త యేడవ యధ్యాయమునందలి క్రీస్తుబోధనుండి గ్రహింపఁబడినది. ఇతరులకు మీరు ఏ కుంచముతోఁ గొలుతురో యా కుంచముతోనే మీకును గొలువఁబడునని యందలి భావము. ‘కొలతకుఁ గొలత’ యని దీనిని దెనిఁగింపవచ్చును. ఈ మాట కర్థము రెండువిధములఁ జెప్పఁదగియున్నది. తప్పు ఎంతయో దండ మంత యని రాజధర్మము చెప్పును. తీర్పు తీర్చువాఁడును దోషియే గావున మెల్లగాఁ గొలువుమని సువార్త చెప్పును. నాటకమంతయు నీ రెండర్థములకు నడుమ నడచిన వ్యాజ్యెము. 1604వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని మొదటి జేమ్సురాజు ఎదుట వైటుహాలునందు దీనిని బ్రదర్శించినట్లు రాజాస్థానపు వినోదముల లెక్కలలోఁ గానవచ్చుచున్నది. కవి గతించిన పిమ్మట 1623లో వెలువడిన సంపుటమున మొదటిసారి యచ్చుపడి, సుఖాంతనాటకములలోఁ జేర్పఁబడినది. 1896లో బోయసు అను విమర్శకుఁడు దీనిని ‘సమస్యానాటకము’లలో నొకటిగా లెక్కించెను. ఆ పేరే యిప్పటికిని వాడుకలో నున్నది.

కథ సంగ్రహముగా నిది. వియెన్నా నగరాధీశుఁడగు విన్సెన్షియో తన శాసనములను జిరకాలము అమలుపఱపక విడిచెను. (ఎంతకాల మనుచోటఁ బాఠము కుదురుగా లేదు, ఒకచో 14 ఏండ్లనియు, వేఱొకచో 19 ఏండ్లనియు నున్నది.) అతఁడు రాజ్యభారమును ఏంజెలో యను కఠినవ్రతున కప్పగించి, దూరదేశమునకుఁ బోయినట్లు నటించి, లొడొవికు అను పేర యతివేషమున నగరముననే సంచరించును. ఏంజెలో మూలఁబడియున్న శాసన మొకదానిని బైకిఁ దీసి, వివాహసంస్కారము పూర్తికాకమునుపే జూలియెట్టు అను కన్యను గర్భవతినిఁ జేసిన క్లాడియోకు మరణదండనము విధించును. క్లాడియో సోదరి యిసబెల్లా సెయింటు క్లేరు మఠమున సన్న్యాసము స్వీకరింపఁబోవుచున్న కన్య. ఆమె వచ్చి సోదరుని ప్రాణము వేఁడఁగా, నిష్ఠాగరిష్ఠుఁడని పేరుపొందిన ఏంజెలో ఆమెనే కామించి, శీల మర్పించినచో సోదరుని విడుతు ననును. ఆమె యొల్లదు. యతివేషమున నున్న రాజు ఇసబెల్లాకు మాఱుగా మరియానా యను నామెను రాత్రివేళఁ బంపును. ఈ మరియానా ఏంజెలోకుఁ బూర్వము నిశ్చితయైన వధువు. ఆమె కట్నపుసొమ్ము సోదరునితోఁగూడ సముద్రమున మునిఁగినందున ఏంజెలో ఆమెను విడనాడెను. తన కోర్కి తీఱినదని నమ్మియు ఏంజెలో మాట తప్పి క్లాడియో తలను దెమ్మని యాజ్ఞ పంపును. ఆనాఁటి యుదయముననే చెఱలో జ్వరముచేఁ జచ్చిన రాగొజీను అను నోడదొంగ తలను బంపి, క్లాడియోను దాఁచుదురు. అయిదవ యంకమున రాజు నిజరూపమున మరలివచ్చి తీర్పు చెప్పును.

సామ్యూల్ జాన్సను 1765లోఁ దన టిప్పణములయందు, ఏంజెలో ప్రాణములతో విడువఁబడుటఁ జూచి చదువరులకుఁ గోపము గలుగునని వ్రాసెను. కోలరిడ్జి దీనిని షేక్స్పియరు కృతులలోనెల్ల మనసునకు బాధ గలిగించునదిగా నెంచెను. ఈ యాక్షేపములు త్రోసివేయఁదగినవి కావు. పాపికి శిక్ష తప్పినచోఁ జూపఱకు రసభంగ మగుట సహజమే. కాని యిట్టి విమర్శ లన్నియు రాజు తుదితీర్పుమీఁదనే దృష్టి నిలుపుచున్నవి. ఈ నాటకమున క్షమ రాజునుండి పుట్టలేదు. అది పుట్టిన చోటు వేఱు. దానిని దెలిసికొనుటకు ముందు చెఱసాలలోఁ బ్రవేశింపవలెను.

సంస్కృతనాటకములలో చెఱసాల సామాన్యముగా నేపథ్యముననే నిలిచిపోవును. మృచ్ఛకటికమున ఆర్యకుఁడు కాలిసంకెలతోఁ బాఱివచ్చుటను జూతుమేగాని, పాలకుఁ డతనిని బంధించిన తావును జూడము. షేక్స్పియరు మాత్రము ద్వారములు తెఱచి ప్రేక్షకులను లోనికిఁ గొనిపోయి, మూఁడు నాలుగంకములలోని ముఖ్యరంగములను బెక్కింటిని అచటనే నడపెను. లోపలఁ జూడఁగా నది భీకరమగు నంధకూపము కాదు, సంత. కుంటెనకాఁడగు పాంపీ కొరడాదెబ్బలు తప్పించుకొనుటకై తలారియగు అబ్హార్సనుకడ సహాయుఁడుగాఁ గుదురుకొనును. కుంటెనకాఁడు వచ్చి చేరినచోఁ దమ విద్యకే యప్రతిష్ఠ గలుగునని తలారి గొణుగును! పాంపీ లోపలివారిని గలయఁజూచి, తాను బూర్వము గొలువున్న వేశ్యవాటికయందలి పాత బేరగాండ్రందఱు నిచటనే యున్నారని సంతసించి, ఒక్కొక్కరి పేరు చెప్పి యప్పులవలన వచ్చినవాఁ డెవఁడో, కత్తిపోటులవలన వచ్చినవాఁ డెవఁడో వివరించును. ఇది వట్టి హాస్యమని త్రోయరాదు. ఉదయమున దోషియైనవాఁడు మధ్యాహ్నమునకు రాజోద్యోగి యగుచున్నాఁడు. అదే నగరమున, న్యాయపీఠమున నున్నవాఁడు రాత్రికి రాత్రియే దోషి యగుచున్నాఁడు. చెఱసాల గోడకు లోపలివారికిని వెలుపలివారికిని గల భేదము ఎంత పలుచనిదో కవి యుపన్యసింపక పాంపీనోటఁ జెప్పించెను.

ఈ సంతలోనికి యతివేషధారియగు రాజు ధర్మబోధ చేయ వచ్చును. నాటకమున నతఁడు మువ్వురు బందీలకు బోధింపఁబూనెను. మొదట జూలియెట్టు. ఆమె పశ్చాత్తాపము నిజమైనదో, శిక్షాభయమునఁ బుట్టినదో పరీక్షింపవలెనని యతఁడు దీర్ఘముగా నారంభింపఁగా, ఆమె నడుమనే యడ్డుపడి, పాపమని యెఱిఁగియే పశ్చాత్తాపపడుచున్నాననియు, అవమానమును సంతోషముతో భరించుచున్నాననియుఁ జెప్పును. అతనికి మఱి చెప్పవలసిన దేమియు మిగులలేదు. ఆమె ప్రియుఁడు మఱునాఁడు చావవలసియున్నాఁడని మాత్రము తెలిపి వెడలిపోవును. ఈ చిన్నరంగమును బెక్కురు విమర్శకులు దాఁటిపోవుదురు. కాని చెఱలో నున్నవారిలో నిజముగాఁ బరివర్తనము నొందిన ప్రాణి యీమె యొక్కతెయే. ఆ పరివర్తనము బోధకుఁడు రాకమునుపే జరిగియున్నది.

రెండవవాఁడు క్లాడియో. మూఁడవ యంకారంభమున రాజు అతనికి మరణసన్నద్ధుఁడవు గమ్మని చేయు బోధ ఆంగ్లవాఙ్మయమునఁ బ్రసిద్ధము. ప్రాణము ఊపిరిమాత్రమే, దేహము ధూళి, ధనికుఁడు బంగారపుబరువు మోయు గాడిద, యౌవనము, వార్ధకము రెండును భోజనానంతరపుఁగునుకులో వచ్చు కలలు. వాగ్ధోరణి యమోఘము. అయినను దీనిని శ్రద్ధగాఁ జదివినవారికిఁ దోఁచు నాశ్చర్యము వేఱొకటి: యతివేషమున నున్నవాఁడు చావనున్నవానికిఁ జేసిన యీ బోధలో దేవుని పేరు లేదు, పరలోకము లేదు, పాపక్షమాపణము లేదు. ఇది క్రైస్తవయతి నోటికంటె రోమనుల స్టోయికు వేదాంతి నోటికిఁ దగినది. మన వైరాగ్యశతకములందును దేహమును నిందించుట గలదు గాని, యట నింద వెనుక శివుఁడో బ్రహ్మమో నిలిచియుండును. ఇచట వెనుక నేమియు లేదు. ఫలము వెంటనే కానవచ్చును. క్లాడియో మొదట శాంతించినట్లుండి, సోదరి వచ్చి తన్నుఁ గాపాడు నుపాయ మొకటి గలదని సూచింపఁగానే, ఆ శాంతి యంతయు నెగిరిపోయి, చల్లని మంటిలోఁ గుళ్ళిపోవుటను, ఆత్మ నిప్పుటేఱులలో మునుఁగుటను, దట్టమైన మంచుగడ్డలలోఁ జిక్కుటను, కంటికిఁ గానరాని గాలులలోఁ బడి లోకము చుట్టుఁ ద్రిప్పఁబడుటను దలఁచి గడగడ వడఁకును. బోధ యతని బుద్ధిని దాఁకినదేగాని భయమును దాఁకలేదు. ఈ రెండు ప్రసంగములను కవి వెంటవెంటఁ బెట్టుట యాదృచ్ఛికము కాదు.

మూఁడవవాఁడు బార్నర్డీను. నాటకమునఁ బదునేను పలుకులైనఁ బూర్తిగాఁ బలుకని యీ ఖైదీయే యీ కావ్యమునకుఁ గీలకమని చెప్పిన నతిశయోక్తి కాదు. వీఁడు బొహీమియాలోఁ బుట్టి వియెన్నాలోఁ బెరిగినవాఁడు, నరహంత, తొమ్మిదేండ్లుగాఁ జెఱలో నున్నాఁడు. మిత్రులు మాటిమాటికి శిక్ష వాయిదా వేయించిరి. ఇతనికి మరణమన్నచోఁ ద్రాగినిద్రకంటె నెక్కువ కాదని కారాధికారి చెప్పును. తలుపు తెఱచి విడిచినను బాఱిపోఁడు. వధ్యస్థానమునకుఁ గొనిపోవుచున్నట్లు నటించి, దొంగయాజ్ఞాపత్రము చూపి లేపినను జలింపఁడు. క్లాడియో తలకు బదులుగా వీని తలను బంపుట కేర్పాటు చేసి, యతిరూపుఁడగు రాజు కడపటి ప్రార్థన చేయింప వచ్చును. బార్నర్డీను, రాత్రియంతయుఁ ద్రాగితిననియు, సిద్ధపడుటకు వ్యవధి కావలెననియు, ఎవరెంత చెప్పినను ఈనాఁడు చావ ననియుఁ జెప్పి, మాట యేమైన నున్నచోఁ దన కొట్టమునకు వచ్చి చెప్పుఁడని లోనికిఁ బోవును. అంతే! రాజాజ్ఞయు, తలారిగొడ్డలియు, ధర్మబోధయు మూఁడు నొక్కసారి యోడిపోవును. హాజ్లిట్టు 1817లో ఈ పాత్రను మిక్కిలి మెచ్చుకొనెను. ఆ మెప్పు తగినదే.

ఇచట రాజునకుఁ గలిగిన జ్ఞాన మేమి? ఇట్టి స్థితిలో నున్నవానిఁ బరలోకమునకుఁ బంపుట మహాపాపమని యతఁడు గ్రహించెను. ఒక తల కావలసివచ్చి మనుష్యునివంక జూచినవాఁడు, ఆత్మను జూచి వెనుదీసెను. అంతవఱకు సర్వజ్ఞునివలె వర్తించిన యతని కప్పటికే యొక దెబ్బ తగిలియున్నది: క్లాడియోకు క్షమాపత్రము వచ్చునని కారాధికారితో ధైర్యముగాఁ జెప్పుచుండఁగనే, నాలుగు గంటలకు క్లాడియోను జంపి, అయిదు గంటలకుఁ దల పంపుమను నాజ్ఞ వచ్చెను. ఏంజెలో హృదయ మతనికిఁ దెలియలేదు. బార్నర్డీను హృదయమునుఁ దెలియలేదు. రాగొజీను అప్పుడే చచ్చియుండుట దైవికముగాఁ గుదిరినందున నుపాయము నిలిచెను.

ఈ రాజపాత్రలోని దోష మిప్పుడు విచారింపఁదగినది. యతివేషమున వేగు నడపుట మన శాస్త్రములకుఁ గ్రొత్త కాదు. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున గూఢపురుషులలోఁ దాపసవేషధారులను జేర్చెను. ముద్రారాక్షసమున క్షపణకుఁడు జీవసిద్ధి చాణక్యుని వేగులవాఁడే. కాని జీవసిద్ధి యెవరికిని బాపవిమోచనము చేయలేదు. విన్సెన్షియో మరియానాచేఁ బాపనివేదనము చేయించుకొంటినని తానే చెప్పుకొనును; ఏంజెలోకును నేనే గురువును, అతని మనసు నాకుఁ దెలియునని చెఱలో క్లాడియోకడ శుద్ధముగా బొంకును. క్రైస్తవధర్మమున దీక్షితుఁడు గానివాఁడు పాపనివేదనము వినుట ఘోరమగు నతిక్రమము. నేటి కొందఱు విమర్శకులు రాజును దైవమునకుఁ బ్రతిరూపమని వ్యాఖ్యానించి యీ దోషమును గప్పఁజూతురు. విల్సన్ నైటు 1930లో వ్రాసిన వ్యాసము ఆ త్రోవకు మొదలు. నైటు వ్యాసము సువార్తకును నాటకమునకును గల సంబంధమును జక్కఁగాఁ జూపినమాట నిజమే. అయినను దైవము బొంకునా, తప్పుగా నూహించునా, బార్నర్డీను కెదురుగా నిలిచి మాట దొరకక తడఁబడునా? రాజు మనుష్యుఁడే. మతమును బాలనోపకరణముగాఁ జేసికొన్న మనుష్యుఁడు. ఆ యుపకరణము చెఱలో మొక్కవోయినదని చూపుటయే కవి యుద్దేశము గాఁబోలును.

ఇఁక నిసబెల్లా. రెండవ యంకమున ఈమె ఏంజెలో నెదుర్కొని చేసిన వాదము నాటకమునకెల్లఁ దలమానికము. ఆత్మలన్నియు నొకప్పుడు దోషమునకుఁ జిక్కి శిక్షార్హములై యుండఁగా, దండింప నధికారముగల పరమేశ్వరుఁడే దానికిఁ బరిహారమును గనిపెట్టెఁగదా, అతఁడు నిన్ను నీవున్నట్లుగాఁ దీర్పుతీర్చినచో నీ గతి యేమి యని యామె యడుగును. క్లాడియోను ఖండించినది నేను గాదు, శాసనమని ఏంజెలో ప్రత్యుత్తరము. వాదమున నామె గెలిచినది. కాని యిప్పటి కామె నాలుకమీఁదనే క్షమ యున్నది. మూఁడవ యంకమున సోదరుఁడు ప్రాణభయముచే, నీ శీల మర్పించియైన నన్ను బ్రతికింపుమని యేడ్వఁగా, ఈ దయామయి యెట్లు మాఱెనో చూడుఁడు: నీవు చచ్చుటకై వేయి ప్రార్థనలు చేయుదును గాని బ్రతికించుటకు నొక్కమాటయుఁ బలుకనని తిట్టి పోవును. శీలరక్షణమున నామె తప్పులేదు. చావనున్న సోదరుని భీతికిఁ గనికరము చూపకుండుట తప్పు. పరమేశ్వరుని దయనుగూర్చి యంత చక్కఁగాఁ బలికిన నోటఁ దోడఁబుట్టినవానికి నొక్క దయగలమాట రాకపోయెను. ఏంజెలో శాసనము వెనుక డాఁగినట్లే యీమె వ్రతము వెనుక డాఁగినది.

కావున అయిదవ యంకమున నీమె మోఁకరించుట యెంత దూరపు ప్రయాణమునకుఁ దుదియో గ్రహింపవలెను. ఏంజెలో దోషములు బయటపడెను. రాజు అతనిని మరియానాకు వివాహము చేయించి, వెంటనే చంపుమనెను: క్లాడియోకు బదులు ఏంజెలో, కొలతకుఁ గొలత. మరియానా భర్తకై మోఁకరించి, నీవును నాతో మోఁకరింపుమని యిసబెల్లాను వేఁడును. రాజు, అది ప్రకృతివిరుద్ధమనియు, అట్లు చేసినచో నామె సోదరుని ప్రేతము సమాధిరాళ్ళు పగులఁగొట్టుకొని వచ్చుననియు నడ్డుపడును. మరియానా మరల వేఁడును. అప్పుడు సోదరుఁడు మృతుఁడనియే నమ్మియున్న యిసబెల్లా ఏంజెలో ప్రాణమునకై మోఁకరించును.

ఈ ఘట్టము కవి స్వకీయకల్పనమని నిరూపించుటకు మూలకథలను జూచినఁ జాలును. ఇటలీకథకుఁడు సింథియో 1565లోఁ బ్రకటించిన కథలోను, వెట్స్టను 1578లో అచ్చొత్తించిన ప్రోమసు కసాండ్రా నాటకములోను, కథానాయిక దుష్టాధికారి కోర్కికి లొంగును. పిమ్మట రాజాజ్ఞచే నతనినే పెండ్లాడును. తఱువాత నతఁడు చంపఁబడఁబోవఁగా, భార్యయగుటచే నతని ప్రాణము వేఁడును. అనఁగా నచటి క్షమ పాతివ్రత్యమునం దంతర్భూతము. భార్య భర్తకై వేఁడుట యాశ్చర్యము గాదు. షేక్స్పియరు ఆ భార్యాత్వమును విడఁదీసి మరియానా కిచ్చెను. ఇసబెల్లాకు ఏంజెలోతో నే బంధమును లేదు, వైరమే యున్నది. వేఁడుటకుఁ గారణములన్నియుఁ దొలఁగించి, వేఁడఁగూడదనుటకుఁ గారణములన్నియు నిలిపి, యామెచే వేఁడించెను. మరియానా యను పాత్రను గల్పించుట శయనమున మాఱుపడుటకొఱకే యని తలఁచువారు ఈ రెండవ ప్రయోజనమును మఱచుచున్నారు.

రాజు క్లాడియో బ్రతికియున్న సంగతి యామెకుఁ జెప్పక క్రూరముగా దాఁచుట కిదియే నాటకకారణము. ఆ దాఁపఱికము నీతిదృష్టి నిందార్హమే. రాజు చెప్పుకొన్న కారణమును బలహీనము. కాని సోదరుఁడు సజీవుఁడని యెఱిఁగియున్నచో నామె మోఁకరింపు వెల లేనిది. 1950లో స్ట్రాట్ఫర్డునందు పీటర్ బ్రూకు దీనిని బ్రయోగించినప్పుడు, ఇసబెల్లా పాత్రధారిణియగు బార్బరా జెఫర్డును, మోఁకరించుటకు ముందు ప్రేక్షకు లిఁక నోర్వలేరని తోఁచువఱకు నిశ్చలముగా నిలువుమని యాదేశించెను. ఆ నిశ్శబ్దము రెండు నిమిషములవఱకు సాగెడిదని బ్రూకు వ్రాసియున్నాఁడు. వ్యాఖ్యానములు పెక్కింటికంటె నీ నిలుపుదల యర్థవంతము.

ఆమె యప్పుడు పలికిన వాదమున న్యాయశాస్త్రపు వాసన మెండు. నన్నుఁ జూచువఱకు ఏంజెలో నిష్కపటుఁడే యని తలఁతును. నా సోదరుఁడు తప్పుచేసియే చచ్చెను. ఏంజెలో దురుద్దేశము క్రియగాఁ బరిణమింపలేదు. తలఁపులు దండమునకుఁ బాత్రములు గావు. తన యందమే పాపకారణమని చెప్పుకొనుటలో స్త్రీసహజమగు గర్వమును జాన్సను చూచెను. అది పరిహాసమే గాని సమాధానము కాదు. ఏంజెలో పాపములోఁ గొంతభాగమును దనమీఁద వేసికొనుట గర్వమెట్లగును? ఇంతకును ఆమె తర్కము బలమైనదా, కాదా యనుట యప్రస్తుతము. రెండవ యంకమున వాదము గొప్పది, హృదయము చిన్నది. ఇచట వాదము చిన్నది.

ఇచట నాలంకారికులకు నొక ప్రశ్న. ఇది యే రసము? శాంతమని కొందఱు తొందరపడవచ్చును. నాగానందమునందలి జీమూతవాహనునివలె దయావీరమనుట యుచితముగాఁ దోఁచును. జీమూతవాహనుఁడు సహజదయాళువు, ఇసబెల్లాకు దయ యా క్షణమునఁ గష్టపడి సంపాదించినది. ఉత్సాహము స్థాయియగుట కదియే సాక్ష్యము.

క్షమింపఁబడినవానిమాట యేమి? మృచ్ఛకటికము దశమాంకమున శకారుఁడు చారుదత్తుని పాదములపైఁ బడి శరణువేఁడును. జనులు చంపుఁడు చంపుఁడని యఱచుచుండ, శరణాగతుఁడగు శత్రువును ఉపకారముచేతనే చంపవలెనని చారుదత్తుఁడు విడిపించును. అది శరణాగతిధర్మము. శకారుని హృదయము మాఱినదని శూద్రకుఁ డెచటను జెప్పలేదు. చెప్పినను నమ్మువారు లేరు. ఏంజెలో శరణు వేఁడలేదు. దోషము బయటపడఁగానే విచారణము వలదనియు, వెంటనే చంపుఁడనియు వేఁడెను. స్త్రీ లిరువురు నతనికై వేఁడిన పిదపఁగూడ, క్షమకంటె మరణమునే యెక్కువగాఁ గోరుచున్నా నని పలికెను. అవి యతని కడపటి మాటలు.

ఈ కోరికను దెలిసికొనుటకు మహాభారతము శాంతిపర్వమునందలి శంఖలిఖితోపాఖ్యానము తోడ్పడును. లిఖితుఁడు అన్నయగు శంఖుని యాశ్రమమున నడుగక పండ్లు తిని, అన్న మాటచొప్పున సుద్యుమ్నమహారాజుకడకుఁ బోయి తన్ను దొంగగా దండింపుమని కోరెను. దండించుట కధికారముగల రాజునకు విడుచుటకు నధికారము గలదని సుద్యుమ్నుఁడు క్షమింపఁబోఁగా, లిఖితుఁ డొల్లక చేతులు నఱికించుకొనెను. బాహుదానదిలోఁ దర్పణము చేయఁబోఁగా నవి మరల మొలిచెను. అంత తపోబలము నీకుండఁగా నన్ను నీవే యేల పవిత్రుని జేయవైతివని తమ్ముఁ డడుగఁగా, నిన్ను దండించువాఁడను నేను గాను, అది రాజు పని యని శంఖుఁ డుత్తర మిచ్చెను. రాజదండము పొందిన పాపులు నిర్మలులై స్వర్గము చేరుదురను మనుస్మృతి వాక్యమును గూడ నిట స్మరింపఁదగును. ఏంజెలో కోరినది యీ శుద్ధియే. లిఖితునకు దొరకినది యతనికి దొరకలేదు. అతఁడు బ్రతుకవలసి వచ్చెను. విడనాడిన స్త్రీతో, తన్ను సంపూర్ణముగా నెఱిఁగిన నగరమున. జాన్సను కోపించినంత సులభమగు విముక్తి కాదిది. శంఖుఁడు వేఱుపఱచిన తపస్వి పనిని, రాజు పనిని విన్సెన్షియో యొక్క తలపైఁ గట్టుకొనెనన్న పై యాక్షేపమునకును ఈ యుపాఖ్యానమే ప్రమాణము.

అయినను కవికిఁ బక్షపాతము చూపరాదు. ఏంజెలో మనసు మాఱినదని నమ్ముటకు నాలుగు పంక్తులే యాధారము. మూఁడంకములు కాముకుఁడై కుట్రపన్నినవానికి నవి చాలవు. క్లాడియో ముసుఁగు తీసి సజీవుఁడై నిలిచినప్పుడు సోదరితో నొక్కమాటయుఁ బలుకఁడు. చెఱలోఁ దిట్టిపోయినది యామెయే గదా, ఆ గాయమునకుఁ జికిత్స వలదా? రాజు ఏంజెలోను హంతను విడిచియుఁ, దన్నుఁ బరిహసించిన లూసియోను మాత్రము వేశ్యను బెండ్లాడుమని శిక్షించుట క్షుద్రము. రాజులకుఁ బ్రాణాపరాధముకంటె హాస్యమే దుస్సహమని కవి నవ్వియుండిననుండవచ్చును, కాని యా నవ్వు తీర్పు గాంభీర్యమును జెఱిచినది.

బార్నర్డీను తుదిరంగమున మరలఁ గొనిరాఁబడును. రాజు ఇహలోకపు దోషములన్నిఁటిని క్షమించి, అతనికి బోధింపుమని వేషధారి గాని నిజమైన యతి యొకని కప్పగించును. తొమ్మిదేండ్ల ఖైదీ యప్పుడును నోరు విప్పఁడు. వెంటనే రాజు ఇసబెల్లాను దన్నుఁ బెండ్లాడుమని యడుగును. కొన్ని పంక్తుల పిదప మరల నడుగును. మఠమున వ్రతము పట్టఁబోయిన కన్య యేమనెను? 1623 ప్రతిలో నామెకు మాట లేదు, అభినయసూచనయు లేదు. చిరకాలము నటులు ఆమె రాజు చేయి పట్టుకొన్నట్లే యాడిరి. 1970లో స్ట్రాట్ఫర్డునందు జాన్ బార్టను అందఱిని నిష్క్రమింపఁజేసి, ఆమె నొంటరిగా రంగమున నిలిపి నాటకము ముగించెను. మూలమున నుత్తరము లేనందున నీ రెండు ప్రయోగములలో నేదియు మూలవిరుద్ధమని చెప్పుటకు వీలు లేదు.